ఏ రాత్రి పాట దాచాలి?

ఒకే పాట. వందలసార్లు పాడారు. ఏ రెండుసార్లూ ఒకేలా పాడలేదు. వాటిలోంచి ఒక్కటి ఏరి డిస్కులో పెట్టాలి. ఆ పని చేసింది పాడినవాళ్లు కాదు, రికార్డు కంపెనీ పెద్దలూ కాదు... టికెట్టు కొనుక్కుని విన్న అభిమానులు! అమెరికా రాక్ బృందం 'గ్రేట్‌ఫుల్ డెడ్' టేపుల వెంట వెళ్తే న్యూయార్క్ కొండవాగుల దగ్గర మొదలై కాలిఫోర్నియా తీరం దాకా బోలెడు కథలు దొరుకుతాయి.

న్యూయార్క్ నగరంలో బస్సెక్కి వాయవ్యంగా అయిదు గంటలు ప్రయాణిస్తే ఇథాకా అనే చిన్న ఊరొస్తుంది. చేతివేళ్లు చాచినట్టు సన్నగా, పొడుగ్గా 11 సరస్సులున్న ప్రాంతమది. అందుకే ఫింగర్ లేక్స్ అన్నారు. వాటిలో ఒకటైన కయూగా సరస్సు దక్షిణపు కొసన ఊరు. ఊరి మీదికి తొంగిచూస్తున్నట్టుగా కొండ మీద కార్నెల్ విశ్వవిద్యాలయం. మన తెలుగు పిల్లలూ చదువుకుంటున్న చోటే అది. ఎటు నడిచినా లోతైన రాతి లోయలు, వాటిలోకి దూకే జలపాతాలు. వచ్చినవాళ్లందరూ ముందు వాటినే చూస్తారు. కొందరు మాత్రం ఫొటోలు తీసుకోవడం కాగానే 'బార్టన్ హాలుకి దారెటు?' అని అడుగుతారు.

బార్టన్ హాల్లో చూడటానికి ప్రత్యేకించి ఏమీ ఉండదు. రాతి గోడలు, కోట బురుజుల్లాంటి కట్టడాలు, లోపల పే...ద్ద ఖాళీ. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో విద్యార్థులకి సైనిక కవాతు నేర్పడానికి కట్టిన భవనం. లోపల పరుగు పందేల ట్రాక్ ఉంది. పిల్లలు చెమటలు కక్కుతూ దాని చుట్టూ తిరుగుతుంటారు. ఇనుప దూలాల కింద, రేకుల షెడ్డులా ఉండే అలాంటి చోట పాట బాగా వినపడుతుందని ఎవరూ అనుకోరు.

కానీ 1977 మే 8న, ఆదివారం, అక్కడ గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీ జరిగింది. అమెరికాలో ఆ రోజు మదర్స్ డే. అమ్మకి ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పి, కుర్రకారంతా హాలుకి చేరారు. పాట అయ్యాక బయటికొచ్చి చూస్తే మంచు పడుతోంది. మే నెలలో! ఆ రాత్రి పాడిన 'స్కార్లెట్ బిగోనియాస్' ఎక్కడ ముగిసి 'ఫైర్ ఆన్ ద మౌంటెన్' ఎక్కడ మొదలైందో తెలియనంతగా కలిసిపోయిన తీరును ఆ బృందం అభిమానులు- వాళ్లని డెడ్‌హెడ్స్ అంటారు- ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. అమెరికా ప్రభుత్వ గ్రంథాలయం 'లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్' కూడా దేశం కలకాలం దాచుకోవాల్సిన రికార్డింగుల 2011 జాబితాలో ఈ కచేరీని చేర్చింది.

అప్పటికి ఆ కచేరీ అధికారికంగా ఆల్బమ్‌గా రానేలేదు. అసలు టేపు బృందం దగ్గరే లేదు!

మరి ఎక్కడుంది? ఆ సంగతి తెలియాలంటే ముందు వీళ్ల వ్యవహారం కాస్త తెలుసుకోవాలి.

మనోధర్మం ఉన్న రాక్

1965లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో అయిదుగురు కుర్రాళ్లు కలిసి కట్టిన జట్టు ఇది. మొదటి కచేరీలు పక్కనే మెన్లో పార్కులో ఓ పిజ్జా దుకాణంలో. ఇప్పుడు ఆ చుట్టుపక్కలంతా సిలికాన్ వ్యాలీ, వీధికో తెలుగు కుటుంబం. అప్పట్లో వాళ్ల పేరు వార్‌లాక్స్. ఆ పేరు ఇంకొకరు వాడుతున్నారని తెలిసి, నాయకుడిలాంటి జెర్రీ గార్షియా నిఘంటువు తెరిస్తే 'గ్రేట్‌ఫుల్ డెడ్' అనే మాట కనిపించింది. అదో పాత జానపద కథ పేరు. అప్పులు తీర్చలేదని ఒకడి శవాన్ని పూడ్చనివ్వకపోతే, దారిన పోయే బాటసారి తన దగ్గరున్న డబ్బంతా ఇచ్చి అంత్యక్రియలు చేయిస్తాడు. తర్వాత ఆ చనిపోయినవాడే అపరిచితుడి రూపంలో వచ్చి అతణ్ని ఆపద నుంచి కాపాడతాడు. చచ్చినా చేసిన మేలు మరవనివాడన్నమాట. పేరు వినగానే ఇళ్లల్లో పెద్దవాళ్లు కంగారుపడ్డారు గానీ కథ మాత్రం మన పేదరాశి పెద్దమ్మ చెప్పిన కథల్లా చక్కగా ఉంటుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైట్, ఆష్‌బరీ వీధులు కలిసే చోటు 1967లో హిప్పీలకి రాజధాని. ఆష్‌బరీ వీధిలో 710 నంబరు ఇంట్లో బృందమంతా కలిసి కాపురం పెట్టింది. ఆ రోజుల్లో అక్కడ పాటతోపాటు మత్తుమందులూ పారాయి. ఆ ఇంటి మీద పోలీసులు దాడి చేసింది కూడా ఆ ఏడాదే. ఇప్పుడది ఎవరో ఉంటున్న సొంతిల్లు. మెట్ల ముందు నిలబడి ఫొటో దిగి వెళ్లేవాళ్లు మాత్రం రోజూ ఉంటారు.

పాటకి వస్తే... మన కర్ణాటక కచేరీలో రాగం, కృతి ముందే తెలిసినా స్వరకల్పన ఎటు పోతుందో పాడేదాకా తెలియదు కదా. వీళ్లదీ సుమారుగా అదే పద్ధతి. 'డార్క్ స్టార్' అనే పాట 1968లో రికార్డుగా వచ్చినప్పుడు 3 నిమిషాలు కూడా లేదు. మరుసటి ఏడాది 'లైవ్/డెడ్' ఆల్బమ్‌లో అదే పాట 23 నిమిషాలు! ఏ రోజు ఏ పాట పాడతారో, ఏ పాటలోంచి ఏ పాటలోకి దూకుతారో ముందు తెలియదు. బాగా కుదిరిన రోజున ఆకాశమే హద్దు. కుదరని రోజున గిటార్ ఒక దారి, డోలు ఒక దారి, మాటలు మర్చిపోయిన గాయకుడు ఇంకో దారి. అలాంటి రోజులూ తక్కువేం కాదు. 30 ఏళ్లలో సుమారు 2,300 కచేరీలు చేశారు. స్టూడియోలో చేసిన ఆల్బమ్‌లు మాత్రం అంతంతమాత్రంగానే ఆడాయి. బతుకుతెరువంతా కచేరీల మీదే. టాప్ టెన్‌లోకి ఎక్కిన ఒకే ఒక్క పాట 1987లో వచ్చిన 'టచ్ ఆఫ్ గ్రే'.

కాబట్టి వాళ్ల సంగీతం అసలు సిసలు రూపం స్టూడియో రికార్డులో లేదు, ఆయా రాత్రుల్లోనే ఉంది. ఆ రాత్రుల్ని పట్టి ఉంచిందెవరు?

ఖాళీ క్యాసెట్, తిరుగు టపా

మన పల్లెల్లో పౌరాణిక నాటకం ఆడుతుంటే ముందు వరసలో ఎవరో ఒకరు టేపురికార్డరు పెట్టుకుని కూర్చునేవారు. పద్యం అందుకోగానే మీట నొక్కడం, 'వన్స్‌మోర్' అని అరవడం, మర్నాడు ఆ క్యాసెట్ టీకొట్టులో మోగడం... నలభై దాటినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. డెడ్‌హెడ్స్ చేసిందీ అదే. కాకపోతే ఓ యజ్ఞంలా చేశారు.

మొదట్లో దొంగచాటు వ్యవహారం. కోటు లోపల మైకు, సంచిలో రికార్డరు. పట్టుబడితే టేపు గోవింద! నెమ్మదిగా బృందమే చూసీ చూడనట్టు ఊరుకుంది. మేం పాడేశాక ఆ పాటతో మాకేం పని, పట్టుకుపోతే పట్టుకుపొమ్మన్న ధోరణి గార్షియాది. చివరికి హాలు నిండా మైకుల కర్రలు తాటిచెట్లలా లేచి వెనకవాళ్లకి వేదిక కనిపించకుండా పోయేసరికి, 1984 అక్టోబరులో బర్క్‌లీ కమ్యూనిటీ థియేటర్ కచేరీల నుంచి టేపరాయుళ్ల కోసం సౌండ్ మిక్సింగ్ బల్ల వెనక ప్రత్యేకంగా చోటు కేటాయించారు. దానికి వేరే టికెట్టు! 'దొంగతనంగా రికార్డు చేస్తున్నారు' అంటూ కంపెనీలన్నీ గొడవ చేస్తున్న కాలంలో ఒక పేరున్న బృందం తనే చాప పరిచి కూర్చోబెట్టింది.

ఒక్కటే షరతు. అమ్మకూడదు. కొత్తగా ఎవరైనా టేపు అడిగితే ఖాళీ క్యాసెట్లు, తిరుగు టపాకి సరిపడా స్టాంపులు పంపిస్తే చాలు, నకలు తీసి పంపేవారు. ఒకరు అయిదుగురికి, ఆ అయిదుగురూ తలా అయిదుగురికి. చెట్టు కొమ్మలు వేసినట్టు సాగుతుంది గనక దాన్ని 'టేప్ ట్రీ' అన్నారు. చిక్కల్లా ఏమిటంటే, నకలుకి నకలు తీసేకొద్దీ 'సర్ర్...'మనే రొద పెరిగి పాట వెనక్కి పోయేది. అందుకే 'ఇది ఎన్నో తరం?' అని అడిగేవాళ్లు, పెళ్లిచూపుల్లో గోత్రం అడిగినట్టు. అట్ట మీద తేదీ, ఊరు, పాటల వరస రాసుకోవడం తప్పనిసరి. 'ఇథాకా' అనరు, '5-8-77' అంటారు. ఏ తేదీ చెప్పినా ఆ రోజు ఏం పాడారో ఠక్కున చెప్పేవాళ్లుండేవారు. వాళ్ల చదువులు ఏమయ్యాయో వేరే సంగతి!

అలా ఏళ్ల తరబడి వినీ, పోల్చీ, వాదులాడుకునీ ఏ రాత్రి మేలైనదో వాళ్లలో వాళ్లే తేల్చుకున్నారు. పాడినవాళ్లకి ఆ జ్ఞాపకం లేదు. రాత్రికో ఊరు తిరిగేవాళ్లకి ఎలా ఉంటుంది?

గోదాములో వేలంపాట

అభిమానుల టేపులు కాకుండా బృందం సొంత ఇంజినీర్లు మిక్సింగ్ బల్ల నుంచే నేరుగా రికార్డు చేసుకున్న రీళ్లు వేరే ఉన్నాయి. వాళ్లలో బెట్టీ కాంటర్-జాక్సన్ చేతిది ప్రత్యేకమైన వాటం. మగవాళ్ల రాజ్యంలా ఉండే ఆ రంగంలో పరికరాల పెట్టెలు మోయడం దగ్గర్నుంచి నేర్చుకుని పైకొచ్చిన మనిషి. ఆమె తీసిన టేపు వింటే వేదిక మీద ఎవరెక్కడ నిలబడ్డారో వేలు పెట్టి చూపించొచ్చంటారు. బార్టన్ హాలు కచేరీని రికార్డు చేసింది ఆమే.

బృందంతో పని ముగిశాక ఆమె ఆర్థిక ఇబ్బందుల్లో పడ్డారు. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటాక వచ్చే ప్రాంతంలో, ఓ గోదాములో సామాను దాచుకున్నారు. అద్దె బకాయి పడటంతో 1986లో ఆ సామాను వేలం వేశారు. అందులో వెయ్యికి పైగా రీళ్లున్నాయని లెక్క. కొన్నవాళ్లలో కొందరికి వాటి విలువే తెలియదు. ఎవరో కొన్ని నకళ్లు తీయించారు. అవి కొమ్మలు వేసుకుంటూ 1980ల చివర్లో దేశమంతా పాకాయి. బార్టన్ హాలుకి అంత పేరొచ్చింది అప్పుడే. హాలులో కూర్చున్న కొన్ని వేల మంది విన్న పాట, పదేళ్ల తర్వాత లక్షలమంది చెవిన పడింది. ఇంకొన్ని పెట్టెలైతే చెమ్మ తగిలే చోట పడుండి బూజు పట్టాయి. రికార్డింగ్ ఇంజినీరైన ఓ అభిమాని వాటిని ఓపిగ్గా శుభ్రం చేసి వినిపించేలా చేశాడు.

ఎవరి టేపు అది? పాడినవాళ్లదా, రికార్డు చేసినామెదా, వేలంలో డబ్బు కట్టినవాళ్లదా? ఈ ప్రశ్న 30 ఏళ్లు నానింది. ఎట్టకేలకు అసలు రీళ్లు బృందం ఖజానాకి తిరిగొచ్చాయి. 2017 మేలో, కచేరీ జరిగి 40 ఏళ్లు నిండుతుండగా, 'కార్నెల్ 5/8/77' ఆల్బమ్‌గా వచ్చింది. దాంతోపాటే ఆ వారంలో న్యూహేవెన్, బోస్టన్, బఫెలో ఊళ్లలో జరిగిన కచేరీలనీ కలిపి 11 డిస్కుల పెట్టె తెచ్చారు. ఇంకేం, 'అసలు మేలైనది మర్నాటి బఫెలో కచేరీ కదా' అని పాత తగాదా మళ్లీ మొదలు! బృందంలో మిగిలినవాళ్లు యువకుల్ని కలుపుకుని కట్టిన 'డెడ్ అండ్ కంపెనీ' 2023లో సరిగ్గా మే 8నే బార్టన్ హాలుకొచ్చి పాడింది. వచ్చిన డబ్బు సేవానిధికి, విశ్వవిద్యాలయం వాతావరణ పరిశోధనకి ఇచ్చారు.

డిక్ ఏరిన రాత్రులు

గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరంగా అరగంట వెళ్తే శాన్ రఫేల్. ఎండ, పచ్చటి కొండలు, పడవలు లంగరేసుకునే కాలువలు. బృందం ఆఫీసు, స్టూడియో ఏళ్ల తరబడి ఇక్కడే ఉండేవి. టేపుల ఖజానా కూడా.

డిక్ లాట్వాలా అనే ఆయన పేరు చెప్పకుండా ఆ ఖజానా గురించి చెప్పలేం. 1970ల్లో హవాయి దీవుల్లో ఉంటూ టపాలో టేపులు తెప్పించుకుని గుట్టలు పోసుకున్న పక్కా అభిమాని. వింటూ వింటూ నోటుపుస్తకాల నిండా అభిప్రాయాలు రాసుకునేవాడు. 1980ల మధ్యలో బృందమే పిలిచి ఖజానా తాళాలు చేతికిచ్చింది. మిఠాయి కొట్టు ముందు నిలబడి చూసే పిల్లాడికి కొట్టే రాసిచ్చినట్టు! ఒక్కో కచేరీ 3 గంటలనుకున్నా మొత్తం వినాలంటే రోజుకి 8 గంటల చొప్పున రెండేళ్ల పైమాటే. అదీ ఒక్కొక్కటి ఒకేసారి వింటే. ఎంపిక చేయాలంటే ఒకసారి వినడం ఏ మూలకి?

1993లో ఆయన ఏరిన మొదటి కచేరీ 'డిక్స్ పిక్స్' పేరుతో వచ్చింది. ఫ్లోరిడాలోని టాంపాలో 1973 డిసెంబరు 19 నాటిది. అట్ట మీద ఓ హెచ్చరిక కూడా. ఇది పాత టేపు, అక్కడక్కడా లోపాలుంటాయి, తెలిసే కొనుక్కోండి అని. తన సరుకులో లోపాలున్నాయని ముందే చెప్పి అమ్మే వ్యాపారి ఎక్కడైనా ఉంటాడా? జనం ఎగబడి కొన్నారు. అయితే రెండు డిస్కుల్లో పట్టడానికి కొన్ని పాటలు తీసేశారని గొడవ కూడా చేశారు. ఈ అభిమానులకి ఎంత పెట్టినా ఇంకాస్త కావాలి.

రీలు మధ్యలో అయిపోయి కొత్తది ఎక్కించేలోపు పాట సగం పోయిన సందర్భాలు ఖజానాలో కొల్లలు. అప్పుడు జనంలో కూర్చున్న అభిమాని క్యాసెట్టే దిక్కు. బృందం టేపులో చిరుగుకి అభిమాని టేపు అతుకు వేస్తారు. చెవి పెట్టి వింటే ఆ కొద్దిసేపూ హాలు చప్పుడు, చప్పట్లు దగ్గరవుతాయి. అతుకైనా ఆ ముక్క బాగుంటుంది, వేదిక దిగి జనంలోకి వచ్చినట్టు.

లాట్వాలా 1999 ఆగస్టులో 56 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. ఆయన లేకపోయినా ఆయన పేరుతోనే 2005 వరకు, 36వ సంపుటి దాకా విడుదల చేశారు. 35వ సంపుటి కథ వినదగ్గది. 1971లో కొత్తగా చేరిన పియానో వాద్యకారుడు కీత్ గాడ్షోకి పాటలు నేర్చుకోవడానికని కొన్ని రీళ్లిచ్చారు. అతను వాటిని తల్లిదండ్రుల పడవ ఇంట్లో పెట్టాడు. 1980లో కారు ప్రమాదంలో చనిపోయాడు. రీళ్లు అక్కడే ఉండిపోయి, 2005లో ఖజానాకి తిరిగొచ్చాయి. అప్పటిదాకా అసలవి ఉన్నాయనే ఎవరికీ తెలియదు.

తర్వాత తాళాలు అందుకున్న డేవిడ్ లెమ్యూ కూడా కెనడా నుంచి వచ్చిన అభిమానే. ఆయన 2012లో మొదలుపెట్టిన 'డేవ్స్ పిక్స్' ఏడాదికి నాలుగు చొప్పున వస్తున్నాయి. 2024 ఫిబ్రవరిలో ఆ వరసలోని 49వ సంపుటితో గ్రేట్‌ఫుల్ డెడ్ బిల్‌బోర్డ్ తొలి 40 స్థానాల్లోకి అత్యధికంగా 59 ఆల్బమ్‌లు ఎక్కించిన బృందమైంది. ఎల్విస్ ప్రెస్లీనీ ఫ్రాంక్ సినాట్రానీ దాటేసి! బతికుండగా స్టూడియో రికార్డులు చాలావరకు అంతంతమాత్రంగానే ఆడిన జట్టుకి, అభిమానులు ఏరిన పాత కచేరీలు తెచ్చిపెట్టిన రికార్డు ఇది.

ముగ్గురు కూర్చుని ఏరిన పెట్టె

పూర్తి కచేరీ ఇవ్వడం ఒక పద్ధతి. 30 ఏళ్లలోంచి ముక్కలు ఏరి అయిదు డిస్కుల్లో బృందం జీవితమంతా చెప్పడం ఇంకో పద్ధతి. మొదటిదానికి ఓపిక చాలు. రెండోదానికి గుండె నిబ్బరం కావాలి. ఎందుకంటే ఏది పెట్టినా, 'అది పెట్టి ఇది వదిలేశారేం?' అనేవాళ్లు వేలల్లో ఉంటారు.

1999 నవంబరులో వచ్చిన 'సో మెనీ రోడ్స్' అలాంటి పెట్టె. ఏరింది ముగ్గురు. 'ద గోల్డెన్ రోడ్' అనే అభిమానుల పత్రిక నడిపిన బ్లెయిర్ జాక్సన్, 'గ్రేట్‌ఫుల్ డెడ్ అవర్' రేడియో కార్యక్రమం చేసే డేవిడ్ గాన్స్, డెడ్‌హెడ్స్ మాటలకి నిఘంటువు రాసినవాళ్లలో ఒకరైన స్టీవ్ సిల్బర్‌మన్. ముగ్గురూ టేపులు పంచుకుంటూ పెరిగినవాళ్లే. పెట్టెలో పాటలు దాదాపు అన్నీ అప్పటిదాకా అధికారికంగా బయటికి రానివి.

మొదటి డిస్కు మొదట్లో ఏం పెట్టారో చూడండి. 1965 నవంబరులో, ఇంకా పేరు కూడా కుదరని రోజుల్లో, 'ఎమర్జెన్సీ క్రూ' అని చెప్పుకుని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓ స్టూడియోలో మచ్చుకి పాడిన పాటలు. గొంతులో బాబ్ డిలాన్ ధోరణి తొంగిచూస్తుంది. పచ్చి సరుకు. గొప్పగా ఉందని పెట్టింది కాదు. ఇక్కణ్నుంచి బయల్దేరారు అని చూపించడానికి పెట్టింది. ఆ వెనకే 'క్లెమెంటైన్', 'మేసన్స్ చిల్డ్రన్'... బృందం కొన్నాళ్లు పాడి మానేసిన పాటలు. పాడినవాళ్లే వదిలేసిన బిడ్డల్ని విన్నవాళ్లు తెచ్చి పెంచినట్టు.

ఇంకోటి ఉంది. బార్టన్ హాలు చూసినవాళ్లు ఇథాకా నుంచి పడమరగా కారులో గంటలోపు వెళ్తే వాట్కిన్స్ గ్లెన్ వస్తుంది. రాతిని కోసుకుంటూ మెట్లుమెట్లుగా దిగే 19 జలపాతాల లోయ, దాని పైన కార్ల పందేల మైదానం. 1973 జులై 28న ఆ మైదానంలో మూడు బృందాలు పాడితే సుమారు 6 లక్షల మంది వచ్చారు. అమ్ముడైన టికెట్లు లక్షన్నర. మిగతావాళ్లంతా కంచెలు దాటి వచ్చినవాళ్లే! ముందురోజు మైకులు పరీక్షించుకోవడానికి వేదికెక్కిన డెడ్, అప్పటికే చేరిన జనాన్ని చూసి సరదాగా వాయించడం మొదలుపెట్టింది. పేరు లేదు, మాటలు లేవు. తోచింది వాయించుకుంటూ పోయారు. ఏరినవాళ్లు అంత పెద్ద కచేరీని వదిలేసి, ఆ ముందురోజు వాయింపుని పెట్టెలోకి తీసుకున్నారు. జాతర రోజు ఊరేగింపు కన్నా ముందురోజు సాయంత్రం డప్పులు సవరించుకోవడమే బాగుంటుందని మన ఊళ్లలో పెద్దవాళ్లనేవారు. అలాంటి చెవి ఇది.

ముక్కలు ఏరడాన్ని ఒప్పుకోని డెడ్‌హెడ్స్ ఉన్నారు. ఒక రాత్రిని మొదట్నుంచి చివరిదాకా వినాలి, తప్పులతో సహా అంటారు. వాళ్ల కోరికా తీరింది. 2015లో ఏడాదికొకటి చొప్పున 30 పూర్తి కచేరీలతో 80 డిస్కుల పెట్టె వచ్చింది. అయితే అది లోపలివాళ్లకి. అసలు ఈ పాటలంటే ఏమిటో తెలియని ఇంట్లో 80 డిస్కులు బీరువా కింద పెట్టుకోవడానికి పనికొస్తాయంతే. తెలియనివాళ్లని చెయ్యిపట్టుకుని తీసుకెళ్లేది ముగ్గురు ఏరిన ఆ అయిదు డిస్కులే.

ఎర్రచెట్ల నీడలో కవర్లు

టేపులు ఇప్పుడు శాన్ రఫేల్ వైపు లేవు. 2006లో లాస్ ఏంజెలిస్ పక్కన బర్‌బ్యాంక్‌లో రికార్డు కంపెనీ గోదాముకి తరలించారు. అక్కడికి మామూలు జనానికి ప్రవేశం లేదు. కాగితాలు మాత్రం చూడొచ్చు. శాన్‌హోజే నుంచి కొండదారిలో ముప్పావుగంట వెళ్తే సముద్రం ఒడ్డున శాంటాక్రజ్ వస్తుంది. ఆకాశాన్నంటే రెడ్‌వుడ్ చెట్ల మధ్య కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. బృందం తన పత్రాలన్నీ 2008లో దానికి ఇచ్చేసింది. మెక్‌హెన్రీ గ్రంథాలయంలో 'డెడ్ సెంట్రల్' పేరుతో ఓ గది.

అక్కడి దస్త్రాల్లో తప్పక చూడాల్సినవి కవర్లు. టికెట్లు పోస్టులో అమ్మిన రోజుల్లో, తమ కవరు చేతికి తగలాలనే ఆశతో అభిమానులు వాటి మీద గులాబీలు, పుర్రెలు, డాన్సు చేసే ఎలుగుబంట్లు రంగురంగుల్లో గీసి పంపేవారు. ఒక్కో కవరు మీద ఎన్ని గంటల పనో! టికెట్టు దొరక్క మైదానం బయట చూపుడువేలు ఎత్తి తిరిగినవాళ్లూ వీళ్లే, లోపల మైకుకర్ర పట్టుకుని 3 గంటలు కదలకుండా నిలబడినవాళ్లూ వీళ్లే.

2005 నవంబరులో వీళ్లకి కోపం వచ్చింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతున్న వేల టేపుల్ని దించుకోకుండా ఆపేశారు. ఊరూరా అభిమానులు తిరగబడ్డారు. బృందంలోనే కొందరు అది తమకి తెలియకుండా జరిగిందన్నారు. కొద్ది రోజుల్లోనే సర్దుబాటు కుదిరింది. అభిమానులు తీసిన టేపులు ఎప్పటిలా దించుకోవచ్చు. బృందం సొంత టేపులు మాత్రం అక్కడే వినాలి. ఇప్పటికీ అదే పద్ధతి. ఏ ఊళ్లో కూర్చున్నా '5-8-77' అని వెతికి వినొచ్చు, ఖాళీ క్యాసెట్ పంపక్కర్లేదు.

ఇక ఆ పెట్టెలో చివరి పాట.

1995 జులై 9న షికాగోలోని సోల్జర్ ఫీల్డ్ మైదానంలో బృందం పాడింది. అదే ఆఖరి కచేరీ అని ఎవరికీ తెలియదు. గార్షియాకి చక్కెరవ్యాధి, ఏళ్లనాటి మత్తుమందుల అలవాటు. మనిషి నలిగిపోయి ఉన్నాడు. వేళ్లు సహకరించడం లేదు, మాటలు గుర్తుండటం లేదు. మంచి రాత్రులు ఏరేవాళ్లెవరూ ఆ ఏడాది జోలికి పోరు. ఆ రాత్రి 'సో మెనీ రోడ్స్' పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ బొంగురు గొంతులోంచే, చివర్లో ఒకే మాటను మళ్లీమళ్లీ అంటూ, ఉన్న బలమంతా పెట్టి పాడాడు. శ్రుతి పరంగా చూస్తే అంతకన్నా మెరుగ్గా పాడిన రాత్రులు ఎన్నో ఉన్నాయి. ఏరినవాళ్లకి అవన్నీ తెలుసు. తెలిసీ దీన్నే పెట్టారు. పెట్టెకి దాని పేరే పెట్టారు.

సరిగ్గా నెలకి, ఆగస్టు 9న, గార్షియా కన్నుమూశాడు. వయసు 53. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో సహచర గాయకుడు బాబ్ వేర్, గార్షియా భార్య కలిసి చితాభస్మంలో కొంత తీసుకుని మన దేశానికి వచ్చారు. రిషికేశ్‌లో గంగలో కలిపారు. మిగిలినది గోల్డెన్ గేట్ వంతెన దగ్గర నీళ్లలో కలిపారు.